కయాక్ ప్యాడిల్ ఎలా ఎంచుకోవాలి, ర్యాపిడ్ కష్టం ఎలా అంచనా వేయాలి: నెల్లూరు, ఒంగోలు వాళ్ల కోసం

సోమశిల గేట్లు ఎత్తిన ఫొటో పేపర్లో పడితే చాలు, అవే ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. "అన్నా, పెన్నలో నీళ్లు బాగా పోతా ఉండాయి, కయాక్ దించొచ్చా?" "220 సెంటీమీటర్ల ప్యాడిల్ ఆఫర్‌లో ఉంది, తీసుకోనా?" "రిషికేశ్‌లో గ్రేడ్ 3 అంటున్నారు, నాకు ఈత వచ్చు, సరిపోతుందా?"

తెలియనివాళ్ల కోసం: కయాక్ అంటే ఒకరిద్దరు కూర్చునే సన్నపాటి పడవ, ప్యాడిల్ అంటే రెండు చివరలా బ్లేడున్న దాని తెడ్డు, ర్యాపిడ్ అంటే నది రాళ్ల మధ్య నురగలతో వేగంగా దూకే చోటు, గ్రేడ్ అంటే ఆ ర్యాపిడ్ ఎంత కష్టమో చెప్పే అంకె. ముందు సూటిగా జవాబులు: వద్దు. వద్దు. సరిపోదు. ఎందుకో, మరి ఏం చేయాలో కింద వరసగా రాశాను.

పెన్న సంగతి మొదట తేల్చేద్దాం. సోమశిల దాటాక పెన్న ప్రధానంగా ఇసుక మీద పారే నది. కయాకింగ్ వాళ్లు కోరుకునే రాళ్ల ర్యాపిడ్లు, ఒక్కో ర్యాపిడ్ తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఒక మడుగు, ఇవి ఇక్కడ దొరకవు. మనకు వచ్చేది వరద. 50,000 క్యూసెక్కులు వదిలారంటే సెకనుకు సుమారు 1,400 టన్నుల నీళ్లు మీ పక్కనుంచి పోతున్నట్టు. అందులో చిల్లచెట్లు కొట్టుకొస్తాయి, వంతెన స్తంభాలు అడ్డం ఉంటాయి, ఆ తర్వాత సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. పెంచలకోన లాంటి కొండవాగులూ అంతే. వెలిగొండల మీద వాన పడితే కింద ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది.

కాబట్టి ఇక్కడ నేర్చుకోవాల్సింది నేర్చుకుని, ర్యాపిడ్ల కోసం బయటికి వెళ్లాలి. కర్ణాటకలో దాండేలి దగ్గర కాళీ నది, మహారాష్ట్రలో కోలాడ్ దగ్గర కుండలిక, ఉత్తరాఖండ్‌లో రిషికేశ్ పైన గంగ. కేరళలో కోళికోడ్ జిల్లా కోడంచేరి వైపు చాలిపుళ, ఇరువంజిపుళ నదులు వానాకాలంలో బాగుంటాయి, కయాకింగ్ పోటీలు పెట్టే మలబార్ రివర్ ఫెస్టివల్ జరిగేది అక్కడే. కానీ అవి అనుభవం ఉన్నవాళ్లకు.

కావలసినవి

- వైట్‌వాటర్ ప్యాడిల్, అంటే ర్యాపిడ్ల నురగ నీళ్ల కోసం చేసింది (మొదట అద్దెది, తర్వాత సొంతది)
- కయాకింగ్ హెల్మెట్. బైక్ హెల్మెట్ పనికిరాదు, నీళ్లు నిండితే మెడ మీద బరువు పడుతుంది
- ఒంటికి బిగుతుగా పట్టే లైఫ్ జాకెట్. వేసుకున్నాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చేసిందంటే అది మీ సైజు కాదు
- విజిల్, నీళ్లలో పడినవాళ్లకు విసరడానికి 15 నుంచి 20 మీటర్ల తాడున్న సంచి (త్రో బ్యాగ్)
- కాలికి గట్టిగా పట్టే బూట్లు (చెప్పులు మొదటి ర్యాపిడ్‌లోనే పోతాయి)
- కొలత టేపు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోన్, చిన్న నోట్‌బుక్
- నదిని ఎరిగిన మనిషి. జాబితాలో చివర రాశాను కానీ ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా లేనట్టే

ముందు ప్యాడిల్

1. పొడవు తేల్చుకోండి. 210 నుంచి 240 సెంటీమీటర్ల ప్యాడిళ్లు చెరువుల్లో, సముద్రంలో దూరం పోవడానికి. ర్యాపిడ్లలో అంత పొడవుంటే బ్లేడు రాళ్లకు తగులుతుంది, ఒక వైపు నుంచి రెండో వైపుకి మార్చడం ఆలస్యమవుతుంది, భుజం మీద లోడు పెరుగుతుంది. వైట్‌వాటర్‌కి సుమారుగా ఇలా చూసుకోండి: ఎత్తు 5 అడుగుల 3 అంగుళాల లోపైతే 188–191 సెంటీమీటర్లు, అక్కడి నుంచి 5 అడుగుల 9 అంగుళాల దాకా 191–194, ఆపైన 194–200. పడవ వెడల్పుగా ఉంటే ఒక సైజు పెంచండి. ఆటల కోసం చేసిన పొట్టి పడవైతే తగ్గించండి.

పై అంకెల కంటే ఒంటి కొలత నమ్మకం. ప్యాడిల్‌ని అడ్డంగా నెత్తి మీద పెట్టి, మోచేతులు సరిగ్గా 90 డిగ్రీలు వంగేలా రెండు చేతులతో పట్టుకోండి. చెయ్యి అంచు నుంచి బ్లేడు మొదలయ్యే చోటికి ఎంత ఖాళీ ఉందో చూడండి. నాలుగు వేళ్లకు తగ్గకూడదు, జానెడుకు మించకూడదు. రెండు వైపులా సమానంగా ఉండాలి.

2. కర్ర మందం చూడండి. దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. కర్రను మామూలుగా పట్టుకున్నప్పుడు బొటనవేలు కొస, చూపుడు వేలు కొస ఒకదాన్నొకటి తాకాలి. వాటి మధ్య సందు కనిపిస్తే కర్ర లావైనట్టు. లావు కర్రను గట్టిగా బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, సాయంత్రానికి ముంజేయి పట్టేస్తుంది, అదే అలవాటైతే మణికట్టు నొప్పి వదలదు. అమ్మాయిలకు, టీనేజ్ పిల్లలకు, చిన్న చేతులున్న మగవాళ్లకు సన్న కర్ర ప్యాడిళ్లు విడిగా దొరుకుతాయి. అడిగి తెప్పించుకోండి.

3. దేనితో చేశారో చూడండి. అల్యూమినియం కర్ర, ప్లాస్టిక్ బ్లేడు ఉన్నది అన్నిటికన్నా చవక. చెరువులో నేర్చుకోవడానికి చాలు. కానీ మే నెలలో మైపాడు ఒడ్డున పది నిమిషాలు ఎండలో పెట్టి మళ్లీ పట్టుకోండి, చెయ్యి చురుక్కుమంటుంది. పైగా ఒకసారి వంగితే ఇక సరికాదు. ఫైబర్‌గ్లాస్ మధ్యరకం ధర. కొంచెం వంగి మళ్లీ నిలబడుతుంది, దెబ్బ తిన్నా ముందే గీతలు, పొరలు లేవడం కనిపిస్తుంది. మొదటి సొంత ప్యాడిల్‌గా నేను చెప్పేది ఇదే. కార్బన్ తేలిక, గట్టి, ఖరీదు. రాయికి తగిలి లోతుగా గాటు పడ్డ కార్బన్ కర్ర, పెద్దగా హెచ్చరిక ఇవ్వకుండా ఫట్‌మని విరగొచ్చు. డబ్బుంది కదా అని మొదటి ఏడాదే కార్బన్ కొనేవాళ్లను చూస్తే నాకు ఆ డబ్బుతో రెండు ట్రిప్పులు పోవచ్చుగా అనిపిస్తుంది.

4. బ్లేడు ఎంత, మెలి ఎంత. పెద్ద బ్లేడు ఒక్క తోపుకు ఎక్కువ నీళ్లు పట్టుకుంటుంది, భుజాన్ని కూడా అంతే లాగుతుంది. కొత్తవాళ్లకు మధ్యస్థం. మెలి అంటే రెండు బ్లేడ్ల మధ్య కోణం, ఎక్కువగా 0 నుంచి 45 డిగ్రీల దాకా ఉంటుంది. 30 తీసుకుంటే గొడవ ఉండదు. కుడి చేత్తో కర్రను బిగించి పట్టి తిప్పేలా చేసిన ప్యాడిళ్లే ఎక్కువ, ఎడమచేతి వాళ్లు కూడా చాలామంది వాటితోనే అలవాటు పడతారు. అద్దె ప్యాడిళ్లు కూడా ఎక్కువగా అవే కాబట్టి అదే మేలు. కర్ర వంపు తిరిగి ఉండాలా, తిన్నగా ఉండాలా అనేది ఇప్పుడే తలకెక్కించుకోకండి. తిన్నగా ఉన్నది చాలు.

5. ఒక ముక్కా, రెండు ముక్కలా? ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి రిషికేశ్ పోవాలంటే ఒక ముక్క ప్యాడిల్‌తో బెర్తుల మధ్య నానా తంటాలు. రెండు ముక్కలది సులువు. చిక్కల్లా మన ఇసుక. అతుకులోకి నాలుగు రేణువులు పోయినా బిగుసుకుపోయి ఊడదు, లేదా గీతలు పడి వదులవుతుంది. ఇసుక మీద ఎప్పుడూ విడదీయకండి. ముందు మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, అప్పుడు లాగండి. సముద్రం నీళ్లలో వాడితే ఆ రోజే కడగాలి. నూనె, గ్రీజు రాయొద్దు, ఇసుక ఇంకా అంటుకుంటుంది.

6. పాతది కొంటుంటే ఈ పరీక్షలు చేయండి. ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూడండి, వంకర తెలిసిపోతుంది. రూపాయి బిళ్లతో బ్లేడు అంతా కొట్టుకుంటూ పొండి. ఒకచోట టక్‌టక్‌మని మోగుతూ, ఇంకోచోట మొద్దుగా వినిపిస్తే అక్కడ లోపలి పొరలు విడిపోయాయి. కర్రను చెవి దగ్గర ఊపండి, లోపల నీళ్లు గలగలమంటే వదిలేయండి. బ్లేడు, కర్ర కలిసే మెడ దగ్గర వేలిగోరుతో గీకి చూడండి. గోరు ఇరుక్కునే పగులుంటే ఎంత చవకైనా వద్దు, ప్యాడిళ్లు ఎక్కువగా విరిగేది అక్కడే. చివరగా రెండు బ్లేడ్లను పక్కపక్కన పెట్టి పొడవు కొలవండి. ఒకటి అరిగి పొట్టిగా ఉందంటే దాని వయసు అమ్మేవాడు చెప్పినదానికన్నా ఎక్కువే.

గుంపుగా పోతే అందరికీ కలిపి ఒకటైనా విడి ప్యాడిల్ ఉండాలి. నాలుగు ముక్కలుగా ఊడేది పడవలోనే పెట్టుకోవచ్చు.

ఇక ర్యాపిడ్

అంతర్జాతీయంగా ర్యాపిడ్లను 1 నుంచి 6 దాకా గ్రేడ్ చేస్తారు. 1 అంటే పారే నీళ్లు, చిన్న అలలు. 2లో దారి వెడల్పుగా, ఒడ్డుకు దిగి చూడకుండానే తెలుస్తుంది. 3లో అలలు క్రమం తప్పి వస్తాయి, ఇరుకు దారుల్లో పడవను తిప్పగలగాలి. 4లో నీళ్ల బలం ఎక్కువ, కొన్ని మలుపులు తప్పకుండా కొట్టి తీరాలి, మొదటిసారైతే దిగి చూడకుండా పోకూడదు. 5 ఆరితేరినవాళ్లకు, అక్కడ పొరపాటు జరిగితే కాపాడటం కష్టం. 6 దాదాపు ఎవరూ పోనిది.

ఈ అంకె ఎక్కడో ఎవరో ఒక నీటిమట్టం దగ్గర ఇచ్చింది. మీరు వెళ్లిన రోజు నీళ్లు అంతే ఉన్నాయని ఎవరు చెప్పారు? కుండలికలో పొద్దున డ్యాం నుంచి వదిలే నీళ్లను బట్టే ర్యాఫ్టింగ్ (గాలి నింపిన పెద్ద పడవ, అంటే ర్యాఫ్ట్‌లో గుంపుగా పోవడం) నడుస్తుంది. అదే రాళ్లు, అదే చోటు, నీళ్లు మారితే ర్యాపిడ్ మారిపోతుంది. అందుకే కింది పని ప్రతిసారీ మళ్లీ చేయాలి.

7. ముందే ఒడ్డెక్కండి. ముందున్న నది ఒక గీత గీసినట్టు ఆగిపోయి, అవతల నీళ్లు కనిపించకుండా చెట్ల తలలు మాత్రమే కనిపిస్తున్నాయంటే అక్కడ జారుడు ఉంది. ఆ గీత దగ్గరికి పోయాక ఆగుదాం అనుకోవద్దు. దానికి చాలా పైనే, ఒడ్డు పక్కన నీళ్లు వెనక్కి తిరిగే చోటు చూసుకుని దిగిపోండి.

8. కింది నుంచి మొదలుపెట్టి చూడండి. అందరూ పైనుంచి, పడవ ఎలా పోవాలో చూస్తారు. మీరు మొదట ర్యాపిడ్ అయిపోయే చోటికి నడవండి. పడవ బోల్తా కొట్టి మీరు నీళ్లలో పడితే ఎక్కడ తేలుతారు? అక్కడ నిదానంగా ఉన్న మడుగుంటే మంచిది. వెంటనే ఇంకో ర్యాపిడ్ మొదలైతే ఆ రెంటినీ కలిపి ఒకటిగా లెక్కపెట్టాలి. నా దృష్టిలో గ్రేడ్ అంకె కన్నా ఈ ఒక్క ప్రశ్నకే విలువ ఎక్కువ. కింద పెద్ద మడుగున్న గ్రేడ్ 3లో పడినవాడు నవ్వుతూ బయటికొస్తాడు. కింద చెట్లు అడ్డం పడున్న గ్రేడ్ 2లో అలా రాడు.

9. ప్రాణాంతకమైనవి వెతకండి. వీటిలో ఏది కనిపించినా, అది మీరు పోయే దారిలో లేకపోయినా, నీళ్లు అటు లాగుతున్నాయేమో చూడాలి.

- పడిపోయిన చెట్లు, కొమ్మలు, కంచె తీగలు. నీళ్లు వాటి సందుల్లోంచి పోతాయి, మనిషి పోడు. చిల్లచెట్టు ముళ్లకంపలో నీళ్ల ఒత్తిడికి అతుక్కుపోతే చేతులతో విడిపించుకోవడం అసాధ్యం. తప్పించుకోలేని పరిస్థితి వస్తే తల ముందుపెట్టి దానివైపే గట్టిగా ఈది, పైకి ఎగబాకాలి. కాళ్లు ముందు పెట్టి పోతే కిందికి లాగేస్తుంది.
- అడుగున కోసుకుపోయిన బండలు. మామూలు బండకు నీళ్లు తగిలి ముందు దిండులా ఉబ్బుతాయి. నీళ్లు తగులుతున్నా ఆ ఉబ్బు లేదంటే అవి బండ కిందికి పోతున్నాయి.
- హోల్. రాయి మీద నుంచి పడిన నీళ్లు వెనక్కి మడతపడి తిరిగే చోటు. దాని రెండు చివరలు నది పోయేవైపు వంగి ఉంటే పక్కకి జరిగి బయటపడొచ్చు. చివరలు ఎదురువైపు వంగి ఉంటే లోపలే తిప్పుతుంది. ఎండు దుంగ ఒకటి పైనుంచి వేసి చూడండి. వెంటనే కొట్టుకుపోతే పర్లేదు, అక్కడే గిరగిరా తిరుగుతుంటే ఆ దారి వదిలేయండి.
- ఆనకట్టలు, చెక్‌డ్యాములు. దీనికి విడిగా రాస్తాను.

10. ఆనకట్ట విషయంలో బేరాల్లేవు. మన రెండు జిల్లాల్లో పారే నీళ్ల దగ్గర కయాక్‌కి అసలు ప్రమాదం ఇదే. పైనుంచి చూస్తే సాఫీగా జారే నీళ్లు, నాలుగడుగుల ఎత్తు, పిల్లలు కూడా దూకొచ్చు అనిపిస్తుంది. కింద నీళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకే వరసగా వెనక్కి తిరుగుతుంటాయి. సహజమైన హోల్‌కి పక్కకి పోయే దారి ఉంటుంది, దీనికి రెండు వైపులా కాంక్రీటు గోడలే. నురుగు నిండా గాలి కాబట్టి లైఫ్ జాకెట్ కూడా సరిగ్గా తేల్చదు. కాపాడదామని దిగినవాళ్లు కూడా పోయేది ఇలాంటి చోటే. గుండ్లకమ్మ మీదైనా, పెన్న మీదైనా, ఊరి వాగు మీదైనా, నీళ్లు పొంగి పారే కట్టకు పైన దూరంలోనే ఒడ్డెక్కి, పడవ మోసుకుపోయి, బాగా కిందికి దించండి. కింది వైపు నుంచి దగ్గరికి పోయి ఫొటోలు దిగడం కూడా వద్దు, తిరుగు నీరు గోడ దాకా లాక్కుపోతుంది.

11. నీళ్ల వేగం, పరిమాణం కొలవండి. ఒడ్డున 10 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. కొబ్బరికాయ గానీ ఎండు కొమ్మ గానీ మధ్యలోకి విసిరి, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 10 సెకన్లు పడితే సెకనుకు 1 మీటరు. 5 సెకన్లే పడితే వేగం రెట్టింపు, మీ ఒంటి మీద నీళ్ల తోపు మాత్రం నాలుగింతలు. ఈత బాగా వచ్చనేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. సెకనుకు 3 మీటర్లు పోయే నీళ్లకు ఎదురీదగలిగే మనిషి లేడు.

వెడల్పు, సగటు లోతు, వేగం గుణించి, అడుగున నీళ్లు నిదానం కాబట్టి అందులో 80 శాతం తీసుకోండి. 20 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు, సెకనుకు 1.5 మీటర్లు అయితే 24 ఘనపు మీటర్లు, అంటే సుమారు 850 క్యూసెక్కులు. పెద్ద ఖచ్చితత్వం అక్కర్లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిస్తే చాలు. నీటి అంచున ఒక రాయి పెట్టి అరగంట తర్వాత చూడండి. అది మునిగిందంటే పైన ఎక్కడో వాన పడింది, లేదా గేట్లు ఎత్తారు. ఆ రోజుకి ఆపేయండి.

12. దారి గీసుకోండి. నీళ్ల మీద కనిపించే బాణం గుర్తు కొస నది పోయే దిక్కు చూపిస్తే అది తెరిచిన దారి. కొస మీవైపు చూపిస్తే అక్కడ రాయి ఉంది. ఎత్తైన ఒడ్డు నుంచి చూస్తే అలలు చిన్నగా కనిపిస్తాయి, మోసపోకండి. నీటి అంచుకు దిగి, గొంతుకూర్చుని, పడవలో కూర్చున్నప్పుడు కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడి నుంచి చూడండి. పైనుంచి కొట్టొచ్చినట్టు కనిపించిన గుర్తులు సగం మాయమైపోతాయి. మిగిలినవాటినే నమ్ముకోవాలి. దారిలో తప్పకుండా చేయాల్సిన మలుపులు ఎన్నో లెక్కపెట్టండి, ఒక్కోటి తప్పితే ఏమవుతుందో పక్కవాళ్లకు నోటితో చెప్పండి. చెప్పలేకపోతే ఇంకా చూడటం పూర్తవలేదు.

13. అంకెను సరిచేయండి. నీళ్లు చల్లగా ఉంటే (రిషికేశ్ గంగ మంచు నీళ్లు, మన ఒంటికి అది కొత్త), రోడ్డుకు దూరమైతే, నీటిమట్టం పెరుగుతుంటే, త్రో బ్యాగ్ పట్టుకుని కింద నిలబడే మనిషి లేకపోతే, ఒక గ్రేడ్ పెంచి లెక్కేయండి. సరిచేశాక వచ్చిన అంకె మీ స్థాయి దాటితే పడవ భుజాన వేసుకుని నడవండి. బాగా ఆడేవాళ్లు కూడా ఈ పని రోజూ చేస్తారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నీళ్లలో పడగానే లేచి నిలబడాలనుకోవడం అన్నిటికన్నా పెద్దది. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే వెనకనుంచి నీళ్లు ముందుకు తోసి ముంచేస్తాయి, లోతు మోకాలి దాకా ఉన్నా సరే. వెల్లకిలా పడుకుని, కాళ్లు నీళ్లు పోయే దిక్కుకు, వేళ్లు పైకి కనిపించేలా పెట్టండి. నిదానంగా ఉన్న చోటు రాగానే బోర్లా తిరిగి ఒడ్డుకు ఈదండి.

ప్యాడిల్‌ని తల పైకి, వెనక్కి ఎత్తి ఆపుకోబోవడం ఇంకొకటి. భుజం ఊడేది ఇలాగే. మోచేతులు ఎప్పుడూ ఒంటికి ముందు, కిందుగా ఉండాలి.

స్ప్రేస్కర్ట్ (నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ వేసుకుని పడవ నోరు మూసేది) ఊడదీయడానికి లాగే పట్టీ లోపల ఉండిపోవడం. దిగే ముందు ప్రతిసారీ చేత్తో తాకి చూడండి, పక్కవాడిది కూడా చూడండి.

సంజ్ఞలు మాట్లాడుకోకుండా దిగడం. ప్యాడిల్ నిలువుగా ఎత్తితే రావొచ్చని, అడ్డంగా పట్టుకుంటే ఆగమని. విజిల్ ఒకసారి ఊదితే ఇటు చూడమని, మూడుసార్లు ఊదితే ఆపద అని.

సరిగ్గా నేర్చుకున్నామో లేదో ఎలా తెలుస్తుంది?

ప్యాడిల్ సంగతి గంటసేపు నిలకడ నీళ్లలో వేస్తే తెలిసిపోతుంది. ముంజేయి పట్టేస్తే కర్ర లావు, లేదా బిగించి పడుతున్నారు. భుజం లాగితే బ్లేడు పెద్దది, లేదా ప్యాడిల్ పొడవు. కయాక్ పక్కకు ప్రతి తోపులోనూ పిడికిలి గుద్దుకుంటే ప్యాడిల్ పొట్టి. దీనికి ఇరిగేషన్ వాళ్ల అనుమతి తీసుకుని ఊరి చెరువు చాలు. పడవ బోల్తా పడితే బయటికి రావడం మాత్రం స్విమ్మింగ్ పూల్‌లో, నేర్పేవాళ్లు పక్కన ఉండగానే చేయండి.

అంచనా సంగతికి నోట్‌బుక్ కావాలి. గైడ్ ఏ గ్రేడో చెప్పకముందే మీ అంకె, మీ దారి, ఏది తప్పితే ఎక్కడ తేలుతారో మూడు ముక్కలు రాసుకోండి. తర్వాత గైడ్‌ని అడగండి, ముందు పోయే పడవ ఏ దారిలో పోయిందో చూడండి. అంకె ఒకటి అటూ ఇటూ అయినా కంగారు లేదు. మీరు చూడని ప్రమాదం ఒకటి గైడ్ చూపించాడంటే మాత్రం ఆ రోజు ర్యాఫ్ట్‌లో కూర్చుని పోండి, కయాక్ వద్దు.

ఈ సాధన సగం ఇక్కడే చేయొచ్చు. పెన్నలో కొద్దిగా నీళ్లు పారుతున్న రోజుల్లో ఒడ్డు మీద, కట్టకు దూరంగా నిలబడి, స్తంభాల వెనక నీళ్లు ఎటు తిరుగుతున్నాయో, కొమ్మ విసిరితే ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పి చూడండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, రిషికేశ్‌లో అదే మంచి సీజన్. టికెట్లు ముందే తీసుకోండి. రెండు ముక్కల ప్యాడిల్ అయితే అతుకు రెండు చివరలకూ పాత సాక్సు తొడిగి రబ్బరు బ్యాండు వేసి సర్దండి.